హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లకీ, కూపర్స్‌టౌన్ బోర్డుకీ: బతికుండగా ఇవ్వండి సార్

బేస్‌బాల్ రైటర్స్ అసోసియేషన్ సభ్యులకు, హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు డైరెక్టర్లకు, ఎరా కమిటీల్లో కూర్చునే పెద్దలందరికీ,

నమస్కారం అండి. నేను సియాటిల్ దగ్గర ఉండే మామూలు బేస్‌బాల్ ఫ్యాన్‌ని. గుంటూరు వైపు క్రికెట్ చూస్తూ పెరిగి, ఇక్కడికొచ్చాక సియాటిల్ మారినర్స్ టీమ్‌లో ఇచిరో ఆట చూసి ఈ ఆటలో పడిపోయినవాణ్ణి. కూపర్స్‌టౌన్ అనే ఊళ్ళోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలోకి ఏ ఆటగాళ్ళని తీసుకోవాలో తేల్చే ఈ ఓటింగ్ మీరు 1936 నుంచి చేస్తున్నారు, దానికి రైటర్లకి ఎవరూ డబ్బులివ్వరు, చాలామంది రోజుల తరబడి లెక్కలు చూసి మరీ ఓటేస్తారు, ఆ గౌరవం మీ మీద నాకుంది. ఇక విషయానికొస్తా.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే ఇంగ్లీషులో ఈ మాటలు మీకు ఎంతోమంది చెప్పేశారు. బెల్‌వ్యూలో, ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో మన పిల్లలు ఇప్పుడు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్నారు, పొద్దున్నే ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని గ్రౌండ్ పక్కన కూర్చునే అమ్మానాన్నలకి కూడా ఈ గొడవేంటో తెలియాలి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. కనీసం 10 సీజన్లు ఆడి, రిటైరై 5 ఏళ్ళు దాటిన ఆటగాడి పేరు బ్యాలెట్‌లోకి వస్తుంది. అసోసియేషన్‌లో వరసగా 10 ఏళ్ళు సభ్యులుగా ఉన్న రైటర్లు, దాదాపు 400 మంది, ఓటేస్తారు. ఒక్కొక్కరు 10 పేర్ల దాకా టిక్ పెట్టొచ్చు. 75 శాతం వస్తే కూపర్స్‌టౌన్ గోడ మీద కంచు ఫలకం. 5 శాతం కూడా రాకపోతే ఆ ఏడాదే పేరు ఎగిరిపోతుంది, వస్తే గరిష్టంగా 10 ఏళ్ళు బ్యాలెట్‌లో ఉండొచ్చు. అక్కడ కాలేదంటే తర్వాత పాత ఆటగాళ్ళ పేర్లు మళ్ళీ చూసే, 16 మంది ఉండే ఎరా కమిటీ దయ, అందులో 12 ఓట్లు రావాలి.

ఈ పద్ధతి మీద మొరపెట్టుకోవడం ఇదే మొదటిసారి కాదు. 2014లో రైటర్లే 10 పేర్ల లిమిట్‌ని 12 చెయ్యండి అని అడిగారు, బోర్డు ఒప్పుకోలేదు. 2016 డిసెంబర్లో రైటర్లే 80-9 తేడాతో బ్యాలెట్లన్నీ బయటపెడదాం అని తీర్మానం చేశారు, మరుసటి ఏడాది బోర్డు అదీ కుదరదంది. ఓటేసేవాళ్ళ మాటే చెల్లకపోతే టికెట్ కొనుక్కుని చూసేవాళ్ళ మాట ఎవరు వింటారు అని చాలామంది ఫ్యాన్స్ నోరు మూసుకున్నారు. నాకు ఊరుకోబుద్ధి కావట్లేదు. ఎందుకంటే ఇది అంకెల గొడవ కాదు, బతికుండగా ఇవ్వాల్సిన గౌరవాన్ని మనిషి పోయాక ఇవ్వడం గురించిన గొడవ.

1. ముందు పోయినవాళ్ళ సంగతి

రాన్ శాంటో. చికాగో కబ్స్ థర్డ్ బేస్‌మన్. కెరీర్ అంతా షుగర్ జబ్బుతోనే ఆడాడు, ఇంట్లో కూర్చుని షుగర్ చూసుకునే మెషిన్లు కూడా లేని కాలం అది. తర్వాత రోజుల్లో రెండు కాళ్ళూ మోకాలి కింద తీసేశారు, అయినా రేడియోలో కబ్స్ కామెంటరీ మానలేదు. 2010 డిసెంబర్లో చనిపోయాడు. 2011 డిసెంబర్లో కమిటీ ఆయన్ని ఎంపిక చేసింది. ఆయన రిటైరైంది 1974లో, 342 హోమ్ రన్లూ (మన సిక్సర్ల లాంటివి) అక్కడే ఆగిపోయాయి, మరి ఆ ఒక్క ఏడాదిలో కొత్తగా ఏం తెలిసిందండి మీకు? 2012లో స్టేజి మీద ఆయన భార్య మాట్లాడాల్సి వచ్చింది.

డిక్ అలెన్ కథ ఇంకా ఘోరం. 1964లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు), 1972లో ఎంవీపీ (లీగ్‌లో మేటి ఆటగాడు), 351 హోమ్ రన్లు. ఫిలడెల్ఫియాలో సొంత టీమ్ ఫ్యాన్సే స్టాండ్స్ లోంచి వస్తువులు విసురుతుంటే ఫీల్డింగ్ చేసేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకుని నిలబడిన నల్లజాతి ఆటగాడు. 2014లో కమిటీలో 12 ఓట్లు కావాలంటే 11 వచ్చాయి. మళ్ళీ 2020 డిసెంబర్లో ఓటింగ్ ఉండాలి, కోవిడ్ అని వాయిదా వేశారు, దేశంలో ఆఫీసులన్నీ జూమ్‌లోనే నడిచిన ఏడాది అది, 16 మంది జూమ్‌లో కూర్చోలేకపోయారు. ఆ డిసెంబర్లోనే అలెన్ చనిపోయాడు. వాయిదా పడిన ఓటింగ్ 2021లో పెడితే మళ్ళీ 11. చివరికి 2024 డిసెంబర్లో 13 ఓట్లతో ఎంపికయ్యాడు, 2025 జూలైలో ఫలకం తీసుకోవడానికి ఆయన భార్య వచ్చారు.

అదే రోజు, అదే స్టేజి మీద డేవ్ పార్కర్ కుర్చీ కూడా ఖాళీ. 1978 ఎంవీపీ, రెండుసార్లు బ్యాటింగ్ టైటిల్. ఏళ్ళ తరబడి పార్కిన్సన్స్‌తో ఉన్నాడని అందరికీ తెలుసు. 2024 డిసెంబర్లో ఎంపికై, వేడుకకి సరిగ్గా నెల కూడా లేదనగా జూన్ 28న పోయాడు. కొడుకు వచ్చి నాన్న రాసుకున్న పద్యం చదివాడు. ఆ కుర్రాడు చదువుతుంటే చూశాను, ఆ పదాలు వాళ్ళ నాన్న నోట్లోంచి రావాల్సినవి, పాపం ఆయన దానికోసమే రాసుకున్నాడు.

ఇంకా బక్ ఓనీల్. ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్ళు విడిగా ఆడాల్సి వచ్చిన నీగ్రో లీగ్స్ చరిత్రని బతికించిన మనిషి. 2006లో ప్రత్యేక కమిటీ 17 మందిని ఎంపిక చేసి ఈయన్ని వదిలేసింది. 94 ఏళ్ళ వయసులో ఆ జూలైలో కూపర్స్‌టౌన్ వచ్చి, తనని కాదన్న స్టేజి మీదే ఆ 17 మంది తరఫున మాట్లాడి, అందరిచేతా చేతులు పట్టించి పాట పాడించి వెళ్ళాడు. అక్టోబర్లో పోయాడు. 2021లో ఎంపిక చేశారు. మినీ మినోసో అనే ఆటగాడిది అదే ఏడాది, అదే వరస, 2015లో పోతే 2021లో ఎంపిక. బతికుండగా గుమ్మంలోకి రానివ్వనివాళ్ళు పోయాక పాడె మొయ్యడానికి పోటీ పడ్డట్టుంది ఇది.

దీనివల్ల నష్టం ఆటగాడికే కాదు. శాంటో మైకు ముందు నిలబడితే వినాలని ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన చికాగో ముసలాయనకి అది దక్కలేదు. అలెన్ మీద వస్తువులు విసిరిన ఊరికి కూడా ఆయన ముందు నిలబడి చప్పట్లు కొట్టే అవకాశం పోయింది.

2. పదహారు మంది, మూసిన తలుపులు

ఈ కమిటీ లెక్క ఒకసారి చూడండి. లిస్టులో 8 పేర్లు. 16 మంది సభ్యులు, ఒక్కొక్కరికి 3 ఓట్లే. అంటే మొత్తం 48 ఓట్లు, ఒక్కొక్కరికి 12 కావాలి, అందరూ ముందే కూడబలుక్కున్నా నలుగురికి మించి రాలేరు, ఓట్లు చెల్లాచెదురైతే ఒక్కరూ రారు. 2025 డిసెంబర్లో జెఫ్ కెంట్‌కి 14 వచ్చాయి, కార్లోస్ డెల్గాడోకి 9, వరసగా రెండేళ్ళు ఎంవీపీ అయిన డేల్ మర్ఫీకి 6, డాన్ మాటింగ్లీకి 6. మిగిలిన నలుగురికి "5 కంటే తక్కువ" అని మాత్రమే చెప్పారు. నాలుగా, సున్నానా, అది కూడా చెప్పరు. ఎవరు ఎవరికి వేశారో అసలే చెప్పరు.

దీని మీద 2025లో కొత్త రూల్ ఒకటి. 5 ఓట్లు రానివాడి పేరు తర్వాతి విడతలో పెట్టకూడదు, మళ్ళీ ఇంకోసారి అలాగే జరిగితే ఇక శాశ్వతంగా ఇంటికే. ఆ నలుగురిలో బాండ్స్, క్లెమెన్స్ ఉన్నారు, వాళ్ళ సంగతి కింద రాస్తా, కానీ ఫెర్నాండో వాలెన్జువెలా కూడా ఉన్నాడు. 1981లో రూకీ ఆఫ్ ది ఇయర్, సై యంగ్ (మేటి పిచర్‌కి, అంటే మన బౌలర్ లాంటివాడికి, ఇచ్చే అవార్డు) రెండూ ఒకే ఏడాది కొట్టిన ఒకే ఒక్క పిచర్. డాడ్జర్ స్టేడియం ఉన్న చావెజ్ రవీన్‌లో ఒకప్పుడు మెక్సికన్ కుటుంబాల ఇళ్ళుండేవి, వాళ్ళని ఖాళీ చేయించిన కోపం ఆ జనంలో చాలా ఏళ్ళు ఉండిపోయింది, ఈ కుర్రాడు పిచింగ్ చేస్తున్నాడంటే ఆ జనమే స్టేడియానికి వచ్చారు. 2024 అక్టోబర్లో పోయాడు. ఇప్పుడు 2028 లిస్టులో ఆయన పేరు పెట్టడానికే లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన 34 నంబర్ జెర్సీ వేసుకుని తిరిగే ఆ తాతలకి ఏం చెప్తారు?

టామీ జాన్ మాత్రం ఇంకా బతికే ఉన్నాడు, అందుకే గట్టిగా అడుగుతున్నా. 26 సీజన్లు, 288 విజయాలు. 1974లో మోచేతి లిగమెంట్ తెగితే డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఇంకో చోటి స్నాయువు (టెండన్) తీసి కుట్టాడు, ఏడాదిన్నర ఆగి తిరిగొచ్చి ఆ 288లో 164 ఆపరేషన్ తర్వాతే గెలిచాడు. ఈ రోజు మన లిటిల్ లీగ్ పిల్లాడు మోచెయ్యి నొప్పి అని డాక్టర్ దగ్గరికెళ్తే తల్లిదండ్రులు మొదట భయపడేది ఆ పేరుకే. ఒక ఆపరేషన్ పేరే ఆయన పేరు. 2024 డిసెంబర్లో ఆయనకి 7 ఓట్లు. అదే లిస్టులో ఉన్న లూయిస్ తియాంట్ ఓటింగ్‌కి రెండు నెలల ముందే పోయాడు. ఆ కమిటీ మళ్ళీ కూర్చునేది 2027 డిసెంబర్లో. అప్పటికి టామీ జాన్‌కి 84 నిండుతాయి.

నేనడిగేది: ఒక్కొక్క పేరుకి అవునా కాదా అని విడిగా ఓటు పెట్టండి, మూడే అన్న లిమిట్ తీసెయ్యండి, ఆ 5 ఓట్ల రూల్ వెనక్కి తీసుకోండి. బతికున్నవాళ్ళలో 80 దాటినవాళ్ళ పేర్లు మూడేళ్ళు ఆగకుండా ప్రతి ఏడాదీ చూడండి. ఇందులో ఖర్చయ్యేది ఏముంది చెప్పండి, ఒక మధ్యాహ్నం ఎక్కువ కూర్చోవాలి అంతే.

3. ఒక్క ఏడాదిలో పేరు కొట్టెయ్యడం

కెన్నీ లాఫ్టన్: 622 స్టోలెన్ బేసులు (హిట్ లేకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ అందుకోవడం), లీగ్‌లో వరసగా ఐదేళ్ళు అందులో నంబర్ వన్. 2013లో 3.2 శాతం, అవుట్. జోహాన్ సాంటానా: రెండు సై యంగ్‌లు. 2018లో 2.4 శాతం, అవుట్. లూ విటాకర్: 2001లో 2.9 శాతం, అవుట్. విటాకర్ పక్కన షార్ట్‌స్టాప్‌లో ఆడిన అలన్ ట్రామెల్ ఇప్పుడు హాల్‌లో ఉన్నాడు, డెట్రాయిట్‌లో ఇద్దరూ కలిసి 19 సీజన్లు డబుల్ ప్లేలు (ఒకే దెబ్బకి ఇద్దర్ని ఔట్ చెయ్యడం) చేశారు, ఒకడు లోపల, ఒకడు బయట.

మరి ఇంకో వైపు చూడండి. ఆండ్రూ జోన్స్ మొదటి ఏడాది 7.3 శాతం, 2026లో ఎంపికయ్యాడు. స్కాట్ రోలెన్ 10.2తో మొదలై 2023లో, బిల్లీ వాగ్నర్ 10.5తో మొదలై చివరి ఏడాది 2025లో. అంటే ఒక ఆటగాడి విలువ తెలుసుకోవడానికి మీకే ఐదారు ఏళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు పడుతోంది. మరి సాంటానాకి ఒక్క ఏడాదే ఎందుకు ఇచ్చారు? మా ఎడ్గార్ మార్టినెజ్ 2010లో 36.2తో మొదలై 2014లో 25.2కి పడిపోయి, పదో ఏడాది 2019లో 85.4తో వచ్చాడు. ఆయన రిటైరై అప్పటికి 15 ఏళ్ళు, ఒక్క హిట్ కూడా పెరగలేదు. ఇక్కడ స్టేడియం పక్క రోడ్డుకి ఆయన పేరు పెట్టి కూడా చాలా ఏళ్ళయింది, ఆ రోడ్డు మీద ప్రతి జనవరిలోనూ అదే దిగులుతో డ్రైవ్ చేశాం. కనీసం మూడేళ్ళయినా అందర్నీ బ్యాలెట్‌లో ఉంచండి. ఉంచితే పోయేది కాగితం మీద ఒక లైనే.

4. పది పేర్ల లిమిట్, 2013

ఆ ఏడాది బ్యాలెట్‌లో బాండ్స్, క్లెమెన్స్, పియాజా, బిజియో, షిల్లింగ్, సోసా అందరూ కొత్తగా వచ్చారు. రైటర్లు ఒక్కరిని కూడా ఎంపిక చెయ్యలేదు. 3,060 హిట్లు కొట్టిన బిజియోకి 68.2 శాతం, మరుసటి ఏడాది రెండే రెండు ఓట్ల తేడాతో మళ్ళీ పోయింది. లాఫ్టన్ అవుటైంది కూడా ఈ తొక్కిసలాటలోనే.

ఆ జూలైలో కూపర్స్‌టౌన్‌లో సన్మానం జరిగిన ముగ్గురూ 1940 కంటే ముందు చనిపోయినవాళ్ళు. ఆ ఊళ్ళో ఉండేది 2,000 మంది లోపే. 2007లో కాల్ రిప్కెన్, టోనీ గ్విన్ వచ్చినప్పుడు 70 వేలకి పైన జనం వచ్చారు, ఆ వీకెండ్ మీదే అక్కడి మోటెళ్ళు, బొమ్మల షాపులు, సైడ్ వీధిలో గదులు అద్దెకిచ్చే కుటుంబాలు ఏడాదంతా లెక్కలు వేసుకుంటాయి. మీ బ్యాలెట్ ఖాళీ అయితే ఆ మెయిన్ స్ట్రీట్ కూడా ఖాళీయే. పది అన్న అంకె తీసెయ్యండి, అర్హత ఉందనుకున్న ప్రతి పేరుకీ టిక్ పెట్టనివ్వండి. 75 శాతం అన్న గీత అలాగే ఉంటుంది కాబట్టి హాల్ స్థాయి ఎక్కడికీ పోదు.

5. పేరు చెప్పని ఓటు

2025లో ఇచిరోకి 394 ఓట్లలో 393. 2016లో కెన్ గ్రిఫీ జూనియర్‌కి 440లో 437. ఇద్దరూ మా సియాటిల్ వాళ్ళే. వందకి వంద రాలేదని కాదు నా బాధ, 393 అయినా 394 అయినా ఫలకం ఒకటే. అమెరికాలో 3,089 హిట్లు, ఒక సీజన్లో 262 హిట్లు, వరసగా పదేళ్ళు 200 దాటించిన మనిషికి, ఆసియాలో పుట్టి హాల్‌లోకి వెళ్ళిన మొదటి ఆటగాడికి ఓటు వెయ్యకపోవడానికి కారణం ఉంటే అది చెప్పాలి. ఇచిరో పెద్దమనసుతో ఆ రైటర్‌ని ఇంటికి పిలిచాడు, కలిసి మందు తాగుదాం అన్నాడు. ఎవరూ రాలేదు. జూలైలో స్పీచ్‌లో ఆ ఆఫర్ అయిపోయింది అన్నాడు, జనం నవ్వారు.

మా ఇంట్లో పిల్లాడు ఎవరు నాన్నా అది అనడిగాడు. స్కూల్లో క్లాస్ లీడర్ ఎన్నికలా ఇది రహస్యంగా ఉంచాల్సిన ఓటు కాదు. రాయడం, నలుగురికీ చెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్ళు, ఆటగాళ్ళని ఆట అవ్వగానే డ్రెస్సింగ్ రూమ్‌లో నిలబెట్టి ఎందుకు ఔటయ్యావ్ అని అడిగే హక్కున్నవాళ్ళు, తమ ఓటు గురించి రెండు లైన్లు రాయలేరా? చాలామంది ఇప్పటికే తమంతట తామే బయటపెడుతున్నారు, వాళ్ళకి దండం. 80-9 తీర్మానం మీదే, బోర్డు దాన్ని ఒప్పుకోవాలి, ఇప్పుడే.

ఖాళీ బ్యాలెట్ల గురించి కూడా ఒక మాట. 2021లో 14 మంది ఏ పేరూ లేకుండా పంపారు. 75 శాతం లెక్కలో ఒక ఖాళీ కాగితాన్ని పూడ్చాలంటే మూడు ఓట్లు కావాలి. ఓటు ఇష్టం లేకపోతే పంపకండి, పంపితే కారణం రాయండి.

6. క్యారెక్టర్ రూల్

ఇక్కడ నాతో చాలామంది ఒప్పుకోరు, తెలుసు. ఓటింగ్ రూల్స్‌లో ఆటతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా చూడాలని ఉంది. మంచిదే. కానీ ఎలా చూడాలో ఎక్కడా లేదు. బ్యారీ బాండ్స్: 762 హోమ్ రన్లు, 7 ఎంవీపీలు, పదో ఏడాది 66 శాతం, ఔట్. రోజర్ క్లెమెన్స్: 354 విజయాలు, 7 సై యంగ్‌లు, 65.2, ఔట్. ఇద్దరూ ఆగింది స్టెరాయిడ్లు (బలం పెంచే మందులు) వాడారన్న ఆరోపణల వల్లే. ఆ స్టెరాయిడ్ కాలమంతా లీగ్ కమిషనర్‌గా ఉన్న బడ్ సీలిగ్ మాత్రం 2017లో లోపలికి వెళ్ళాడు. స్టెరాయిడ్ టెస్టులో దొరికినవాళ్ళ పేర్లు బయటపెట్టి సస్పెండ్ చెయ్యడం మొదలైందే 2005లో. రూల్ వచ్చాక కూడా దొరికి సస్పెండ్ అయిన మానీ రామిరెజ్, ఏ-రాడ్ (అలెక్స్ రోడ్రిగెజ్) లాంటివాళ్ళకి ఓటెయ్యం అంటే నేను అర్థం చేసుకోగలను. రూల్ పెట్టాల్సినవాళ్ళు పెట్టకుండా, హోమ్ రన్లకి స్టేడియాలు నిండుతుంటే టికెట్ డబ్బులు లెక్కపెట్టుకుని, తర్వాత శిక్ష ఆటగాళ్ళకి మాత్రమే వేస్తే ఒప్పుకోలేను. బాండ్స్ ఫలకం పెట్టండి, దాని మీదే స్టెరాయిడ్ సంగతి కూడా చెక్కండి. మ్యూజియం అంటే జరిగింది చెప్పాలి కదా. నల్లజాతి ఆటగాళ్ళతో మైదానంలోకి దిగనని మొండికేసిన క్యాప్ ఆన్సన్ ఫలకం 1939 నుంచి అక్కడే ఉంది మరి.

కార్లోస్ బెల్‌ట్రాన్‌ని ఆస్ట్రోస్ టీమ్ సైన్ దొంగతనం (ఎదుటి టీమ్ సైగల్ని కెమెరాతో దొంగచాటుగా పట్టెయ్యడం) గొడవకి మూడేళ్ళు ఆపి నాలుగో ఏడాది 2026లో పంపారు. మూడేళ్ళు అని ఎవరు లెక్కగట్టారు? ఎక్కడ రాసుంది?

పీట్ రోజ్ సొంత టీమ్ మ్యాచ్‌ల మీద బెట్టింగ్ పెట్టాడు, తప్పే, నేను సమర్థించను. కానీ 4,256 హిట్లు కొట్టిన మనిషి 2024 సెప్టెంబర్లో పోతే 2025 మేలో నిషేధం ఎత్తేశారు, మనిషి పోయాడు కాబట్టి ఇక ఆటకి ప్రమాదం లేదు అని. ఎంపిక చెయ్యాలనుకుంటే ఆయన వినేలా చెయ్యాల్సింది, వద్దనుకుంటే ఇప్పుడు కూడా వద్దనాలి. రాబోయే కమిటీ ఈ రెండిట్లో ఏది అనుకుంటుందో కారణాలతో సహా ప్రజలకి రాసి చెప్పాలి.

బోర్డు వారికి చివరగా. పైన అడిగినవాటిలో కొన్నిటికి చర్చ కావాలి, టైమ్ పడుతుంది, ఒప్పుకుంటా. కానీ మూడు పనులకి ఏ చర్చా అక్కర్లేదు, ఒక మీటింగ్‌లో అయిపోతాయి: ప్రతి బ్యాలెట్ మీద ఓటర్ పేరు బయటపెట్టడం, 5 ఓట్ల నిషేధం రద్దు చెయ్యడం, 80 దాటిన ఆటగాళ్ళ పేర్లు ఏటా కమిటీ ముందుకి తేవడం. నవంబర్లో రైటర్లకి కొత్త బ్యాలెట్లు పోస్టులో వెళ్ళేలోపు వీటి మీద అవునో కాదో రాతపూర్వకంగా ప్రకటించండి. కాదంటే ఎందుకు కాదో చెప్పండి. టామీ జాన్‌ని మాత్రం 2027 దాకా ఆపకండి, ఈ డిసెంబర్లోనే ఆయన పేరు మీద ఓటు పెట్టండి.

ఇట్లు,
సియాటిల్ నుంచి ఒక మారినర్స్ ఫ్యాన్